బిట్ బ్యాంకులో కనిపించని జాన్ డ్యూయీ

టెట్, డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నవాళ్లకు జాన్ డ్యూయీ పేరు కొత్తేం కాదు. వ్యావహారిక సత్తావాదం, ప్రయోగశాల పాఠశాల, షికాగో, 1896. ఈ నాలుగు ముక్కలు గుర్తుంటే చాలు, ఒక మార్కు ఖాయం. పేజీ తిప్పేస్తాం. ఆయన తర్వాత కిల్‌పాట్రిక్, ఆయన తర్వాత ఇంకొకరు.

కానీ ఆ 1896 వెనక ఒక కథ ఉంది. ఆ బడిలో ఆరేళ్ల పిల్లలు గోధుమలు నాటారు. ఇంకొందరు పత్తికాయల్లోంచి గింజలు వలిచారు, మట్టితో కొలిమి కట్టారు. ఎకనామిక్స్ అనే మాట వినాల్సిన అవసరం లేకుండానే శ్రమ అంటే ఏంటి, పని ఎందుకు పంచుకుంటాం, సరుకు ధర ఎక్కడ పుడుతుంది అన్నవి చేతులతో తెలుసుకున్నారు. మీరు రేపు ఎస్‌జీటీగా క్లాసులోకి అడుగుపెట్టాలనుకున్నా, ఎడ్‌టెక్ కంపెనీలో కంటెంట్ తయారుచేయాలనుకున్నా, ఈ మనిషి జీవితం బిట్టుగా కాకుండా కథగా ఒకసారి చదవండి.

కిరాణా కొట్టు ఇంట్లో

డ్యూయీ 1859 అక్టోబర్ 20న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, బర్లింగ్టన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఆర్చిబాల్డ్‌ది కిరాణా కొట్టు. తల్లి లుసీనాకు దైవభక్తి ఎక్కువ. ఆయన పుట్టిన ఏడాది మొదట్లోనే ఆ ఇంట్లో ఒక విషాదం జరిగింది. జాన్ అనే పసివాడు ప్రమాదంలో కాలిన గాయాలతో చనిపోయాడు. కొద్ది నెలలకు పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టుకున్నారు. మనం చదువుతున్న జాన్ ఆ రెండోవాడు.

కుర్రాడిగా ఉన్నప్పుడు పేపర్లు వేశారు. కలప అడితిలో దుంగల లెక్క రాశారు. కొట్టుకు సరుకు ఎక్కడి నుంచి వస్తుందో, బాకీలు ఎలా పేరుకుంటాయో చూస్తూ పెరగడం అంటే ఏంటో కొట్టున్న ఇళ్ల పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. దానికి తోడు అప్పట్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో చాలా పనులు పిల్లల కళ్లముందే జరిగేవి. కొవ్వుతో కొవ్వొత్తులు పోయడం, గొర్రె బొచ్చు కత్తిరించి ఏకి దారం వడకడం, రంపపు మిల్లులో చెక్కలు కోయడం. వస్తువు ఎలా తయారైందో తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు, వీధిలోకి నడిస్తే చాలు.

తర్వాత నగరాలు పెరిగాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి. వస్తువులు తయారై, ప్యాకై ఇంటికి రావడం మొదలైంది. పిల్లలకు కొట్టు కనిపిస్తోంది, దాని వెనక ఉన్న పని కనిపించడం లేదు. డ్యూయీ తర్వాత చేసిన ఆలోచనంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

1879లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ అయింది. చేతిలో డిగ్రీ ఉంది, ముందు ఏం చేయాలో తెలీదు. మీలో చాలామందికి పరిచయమైన పరిస్థితే. పెన్సిల్వేనియాలోని ఆయిల్ సిటీలో బంధువు నడుపుతున్న హైస్కూల్లో టీచర్ ఉద్యోగం దొరికింది. రెండేళ్లు చేశారు. ఆ రోజుల్లోనే తత్త్వశాస్త్రం మీద ఒక వ్యాసం రాసి ఒక పత్రిక సంపాదకుడికి పంపారు. ఈ రంగంలో పనికొస్తానా లేదా నిజం చెప్పండని కూడా అడిగారు. అటు నుంచి ప్రోత్సాహం అందింది. చదువుకు డబ్బు లేదు కాబట్టి పిన్నత్త వరుస బంధువు దగ్గర 500 డాలర్లు అప్పు తీసుకుని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1884లో పీహెచ్‌డీ పట్టా, వెంటనే మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం.

అక్కడే ఎలిస్ చిప్‌మన్ పరిచయమయ్యారు. ఆమె అప్పటికే బళ్లలో పాఠాలు చెప్పి, మళ్లీ చదువుకోవడానికి వచ్చిన మనిషి. సమాజంలో జరుగుతున్న వాటి గురించి గట్టి అభిప్రాయాలున్నవారు. 1886లో పెళ్లి చేసుకున్నారు. పుస్తకాల్లో తిరుగుతున్న డ్యూయీ ఆలోచనల్ని నేలమీదకు దించడంలో ఆమె పాత్ర పెద్దది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆగిపోయిన రైళ్లు

1894 జులైలో డ్యూయీ షికాగో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరడానికి వచ్చారు. ఆ సమయానికి అమెరికా రైల్వేలు సగం స్తంభించిపోయి ఉన్నాయి. కారణం పుల్‌మన్ సమ్మె.

జార్జ్ పుల్‌మన్‌ది రైళ్లలో స్లీపర్ బోగీలు తయారుచేసే కంపెనీ. షికాగో పక్కన తన కార్మికుల కోసం ఒక ఊరే కట్టించాడు. ఇళ్లు కంపెనీవి, అద్దె కంపెనీకే. 1893లో మాంద్యం వచ్చింది. ఆర్డర్లు తగ్గాయని జీతాలు కోశాడు. ఇంటద్దె మాత్రం పైసా తగ్గించలేదు. ఒక చేత్తో తక్కువ ఇచ్చి, ఇంకో చేత్తో అంతే తీసుకోవడం అన్నమాట. కార్మికులు పని మానేశారు. యూజీన్ డెబ్స్ నాయకత్వంలోని రైల్వే యూనియన్ వాళ్లకు అండగా నిలిచింది. ప్రభుత్వం సైన్యాన్ని దించింది.

కొత్త ఊరికి వచ్చిన 34 ఏళ్ల ప్రొఫెసర్‌కు ఇది కళ్లు తెరిపించిన పాఠం. ఆయన సానుభూతి కార్మికుల వైపే ఉంది. జీతం, అద్దె, డిమాండ్, యూనియన్ అనే మాటలు ఎకనామిక్స్ పుస్తకంలో ఉన్నాయి. వాటిమధ్య నలిగిపోతున్న మనుషులు వీధిలో ఉన్నారు. ఈ నగరంలో పెరిగే పిల్లలు రేపు యజమానులవుతారు, కార్మికులవుతారు, ఓటర్లవుతారు. తాము చేసే పని మొత్తం వ్యవస్థలో ఎక్కడ ఇముడుతుందో తెలియకుండా పెరిగితే, యంత్రానికి తగిలించిన ఇంకో భాగంలా మిగిలిపోతారు. ఇది మొదటి తరగతి నుంచే మొదలవ్వాల్సిన చదువు అన్నది డ్యూయీ నమ్మకం.

అదే నగరంలో జేన్ ఆడమ్స్ 1889 నుంచి హల్ హౌస్ నడుపుతున్నారు. వలస కార్మిక కుటుంబాలకు అదొక ఆసరా. డ్యూయీ అక్కడికి తరచూ వెళ్లేవారు, దాని ట్రస్టీల్లో ఒకరయ్యారు కూడా. తర్వాత 1900లో హల్ హౌస్‌లో ఒక లేబర్ మ్యూజియం తెరిచారు. ఇటలీ నుంచో ఐర్లండ్ నుంచో వచ్చిన అమ్మలు, అమ్మమ్మలు తమ ఊళ్లలో ఎలా వడికేవారో, ఎలా నేసేవారో అక్కడ చేసి చూపించేవారు. ఫ్యాక్టరీకి వెళ్లే పిల్లలకు తమ పెద్దల చేతిపనికీ తాము నడిపే యంత్రానికీ ఉన్న చుట్టరికం అలా తెలిసేది.

ఇదంతా నడుస్తుండగానే ఇంట్లో దెబ్బ తగిలింది. 1895లో కుటుంబం యూరప్‌లో ఉన్నప్పుడు రెండున్నరేళ్ల కొడుకు మోరిస్ మిలాన్‌లో డిఫ్తీరియాతో చనిపోయాడు. ఆ తర్వాతి జనవరిలో బడి తెరిచారు.

వినే బల్లలు, పనిచేసే బల్లలు

1896 జనవరిలో ఒక ఇంట్లో బడి మొదలైంది. పిల్లలు 16 మంది, టీచర్లు ఇద్దరు. విశ్వవిద్యాలయం 1000 డాలర్ల సాయం ప్రకటించింది గానీ అది చేతికందే నగదు కాదు, ఫీజుల రాయితీ రూపంలో సర్దుబాటు. మిగతాది తల్లిదండ్రుల ఫీజులు, చందాలు.

ముందు బల్లలు, కుర్చీలు కావాలి కదా. డ్యూయీ షికాగోలో స్కూల్ ఫర్నిచర్ అమ్మే కొట్లు తిరిగారు. ఎక్కడ చూసినా ఒకే రకం, వరసగా బిగించేవి, పుస్తకం పెట్టుకునేంత జాగా ఉన్నవి. చివరికి ఒక వ్యాపారి అసలు సంగతి పట్టేశాడు. ఈయనకు కావాల్సినవి పిల్లలు పని చేసుకునే బల్లలు, మార్కెట్లో ఉన్నవన్నీ కూర్చుని వినడానికి చేసిన బల్లలు. డ్యూయీకి ఆ వ్యాపారి మాట ఎంత నచ్చిందంటే తర్వాత ఉపన్యాసాల్లో కూడా దాన్నే చెప్పుకొచ్చారు. బడి దేనికోసమో అందులోని చెక్క సామానే చెప్పేస్తుంది.

ప్రయోగశాల అన్న పేరు కూడా ఊరికే రాలేదు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ల్యాబ్ అంటే తెలుసు. రీడింగ్ ఎంత రావాలో ముందే రికార్డులో ఉంటుంది, మన పని ఆ అంకె వచ్చేలా చూడటం. డ్యూయీ ఉద్దేశంలో ల్యాబ్ దానికి పూర్తిగా తిరగబడినది. జవాబు తెలియనప్పుడు వెళ్లే చోటు అది. టీచర్లు వారం వారం కూర్చుని ఏం పనిచేసింది, ఏం చేయలేదు అని మాట్లాడుకునేవారు. పాఠ్యప్రణాళిక అనేది ఎప్పటికప్పుడు టెస్ట్ చేసి మార్చే ప్రోటోటైప్.

మడి నుంచి రొట్టె దాకా

ఆరేళ్ల పిల్లల పాఠం ఇంటి నుంచి మొదలయ్యేది. మనం తినేది ఎక్కడి నుంచి వస్తుంది? కొట్టు నుంచి. కొట్టుకు? మిల్లు నుంచి. మిల్లుకు? పొలం నుంచి. ఇక్కడిదాకా మన టీచర్లూ చెబుతారు. కానీ ఆ బడిలో దీన్ని చెప్పి వదిలేయలేదు. ఆవరణలో చిన్న మడి చేసి పిల్లలతో గోధుమ నాటించారు. చెక్క దిమ్మలతో పొలాన్ని, ఇంటిని కట్టించారు. గింజను పిండి చేయించారు. వంట చేయించారు.

ఇందులో ఎకనామిక్స్ ఎక్కడుంది అంటారా? గుప్పెడు గింజలు చేత్తో నలిపి పిండి చేయడానికి ఎంతసేపు పట్టిందో ఆ పిల్లకు తెలుసు. కాబట్టి మిల్లు ఎందుకుందో ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. రైతు పిండి ఆడడు, మిల్లువాడు రొట్టె కాల్చడు, కొట్టువాడు పొలం దున్నడు. ఒక్కొక్కరు ఒక్కో పని చేసి మార్చుకుంటారు. దీన్నే పెద్దయ్యాక మనం శ్రమ విభజన అని, వినిమయం అని బట్టీ పడతాం. ఆ పిల్లలకు ముందు అనుభవం వచ్చింది, పేరు తర్వాత వచ్చింది.

కొంచెం పెద్ద పిల్లలు మనుషులు తొలినాళ్లలో ఎలా బతికారో చేసి చూశారు. మట్టితో కొలిమి కట్టి లోహం కరిగించబోయారు. గాలి సరిగా ఆడక మంట నిలవలేదు. మళ్లీ కట్టారు. డీబగ్గింగ్ అంటే ఇదే. ఇంకో తరగతి సముద్ర వ్యాపారం చేసిన ఫినీషియన్ల దగ్గరికి వెళ్లింది. ముక్కూముఖం తెలియని మనిషితో సరుకు మార్చుకోవాలంటే ఏం కావాలి? ఇద్దరికీ ఒప్పుదలైన తూకం కావాలి, కొలత కావాలి, లెక్క రాసిపెట్టుకునే పద్ధతి కావాలి. రాతా లెక్కా పరీక్ష కోసం పుట్టలేదని, అవసరం కోసం పుట్టాయని అలా తెలిసింది.

అరగంట, 28 గ్రాములు

డ్యూయీ స్వయంగా చూసి రాసిన వాటిలో పత్తి పాఠం ప్రత్యేకమైంది. పిల్లల ముందు గొర్రె బొచ్చు, పత్తికాయలు పెట్టారు. రెండింటితో దారం తీయాలి. వాళ్లకొచ్చిన ప్రశ్న ఒక్కటే. తమ పూర్వీకులు ఉన్ని బట్టలు ముందు వాడి, పత్తి బట్టలకు ఆలస్యంగా ఎందుకు వచ్చారు?

జవాబు చేతికే దొరికింది. పత్తి పోగు పొట్టి, నున్నగా ఉంటుంది. ఉన్ని పోగు పొడుగు, గరుకుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. కాబట్టి ఉన్ని వడకడం తేలిక. దానికి మించి ఇంకో చిక్కుంది, గింజ. ఒక పిల్లవాడు అరగంట కూర్చుని గింజల నుంచి దూది వేరుచేస్తే వచ్చింది ఒక ఔన్సు కూడా లేదు. ఔన్సంటే 28 గ్రాములు.

లెక్క వేయండి. గంటకు రెండు ఔన్సులు అనుకున్నా, ఎనిమిది గంటలకు 16 ఔన్సులు. అంటే రోజంతా వేళ్లు నొప్పి పుట్టేలా వలిస్తే ఒక పౌండు, మన లెక్కలో అర కిలోకు తక్కువ. ఆ దూదిని ఇంకా ఏకాలి, వడకాలి, నేయాలి. అప్పుడు చొక్కా ధర ఎంతుండాలి? ఆ పిల్లవాడికి ధర అంటే ఇక అంకె కాదు, తన వేళ్ల నొప్పి.

అక్కడి నుంచి 1793లో ఎలీ విట్నీ చేసిన జిన్ దగ్గరికి వెళ్తే ఆ యంత్రం ఏం మార్చిందో తెలుస్తుంది. ఒక మనిషి రోజుకు 50 పౌండ్ల దాకా దూది తీయగలిగే అవకాశం వచ్చింది. ఇందులో పని తేలికైన కథ ఒక్కటే లేదు. గింజ తీయడం సులువయ్యేసరికి పత్తి సాగు లాభసాటి అయింది. సాగు పెరిగేసరికి అమెరికా దక్షిణాదిలో పొలాల్లో బానిసల చేత చేయించే చాకిరీ తగ్గకపోగా విపరీతంగా పెరిగింది. ఆటోమేషన్ ఎవరి పని తగ్గిస్తుంది, ఎవరి మెడకు చుట్టుకుంటుంది అని ఏఐ గురించి మనం ఇప్పుడు వాదించుకుంటున్నామే, దాని మూలప్రశ్న ఆ పత్తికాయలోనే ఉంది.

ఇదే పాఠం వరంగల్‌లోనో గుంటూరులోనో చెబితే ప్రశ్న మారిపోవాలి, చూశారా? మనవాళ్లు ఉన్ని నుంచి పత్తికి రాలేదు. సింధు నాగరికత నాటికే ఇక్కడ పత్తి బట్ట ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు కోసం వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకే పద్ధతి ఈ కాలం దాకా నిలిచింది. కాబట్టి మన పిల్లలు అడగాల్సిన ప్రశ్న వేరు. ఇంత కష్టమైన పనిని వేల ఏళ్లుగా చేస్తున్న చేతులకు దాంట్లోంచి ఎంత దక్కింది? డ్యూయీని ఫాలో అవడమంటే షికాగో పాఠాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం కాదు. మన ఊళ్లో ఏ పని జరుగుతోందో అక్కడి నుంచి మొదలుపెట్టడం.

ఇది వృత్తి శిక్షణ కాదు

ఇక్కడ పరీక్షల్లోనూ తికమకపడే విషయం ఒకటుంది. పిల్లలతో పనిచేయించడం అనగానే వృత్తి విద్య అనుకుంటాం. డ్యూయీ ఉద్దేశం అది కాదు. నేత నేర్పి నేతగాళ్లను చేయడం ఆయనకు అక్కర్లేదు. పిల్లలు చేసిన వస్తువుకు మార్కెట్లో ఎంత వస్తుందన్నది లెక్క కాదు. ఆ పని ద్వారా చరిత్ర, సైన్సు, లెక్కలు, సమాజం ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో కనిపించాలి.

1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన బేసిక్ విద్య కూడా చేతిపనినే మధ్యలో పెట్టింది. కానీ అందులో పిల్లల చేతిపని బడి ఖర్చుకు ఆసరా కావాలన్న ఆలోచన ఉంది. పేద దేశానికి తగ్గ ఆలోచన అది. రెండూ ఒకటేనని రాస్తే మార్కు పోతుంది. అంతకంటే ముఖ్యంగా, రెండు ప్రశ్నలూ వేరని మనకు తెలియకుండా పోతుంది.

డ్యూయీ బడికి ఉన్న పరిమితి కూడా చెప్పుకోవాలి. 1902 నాటికి అక్కడ 140 మంది పిల్లలకు 23 మంది టీచర్లు. ఆరుగురికి ఒకరన్నమాట. పైగా చదివినవాళ్లలో ఎక్కువమంది ప్రొఫెసర్ల, ఉద్యోగస్తుల పిల్లలు. పుల్‌మన్ కార్మికుడి కొడుకు ఆ మడిలో గోధుమ నాటలేదు. ఎవరి కష్టం చూసి ఆ ఆలోచన పుట్టిందో వాళ్లకే ఆ బడి అందలేదు.

చేజారిన బడి

డబ్బు ఇబ్బంది ఎప్పుడూ తీరలేదు. 1899లో తల్లిదండ్రులకు బడి గురించి వివరిస్తూ డ్యూయీ మూడు ఉపన్యాసాలు ఇచ్చారు. అవే ద స్కూల్ అండ్ సొసైటీ అనే పుస్తకమయ్యాయి. పత్తి పాఠం, బల్లల కథ మనకు తెలిసింది ఆ పుస్తకం వల్లే. అంటే ఈ గొప్ప విద్యా గ్రంథం ఒక రకంగా బడిని నిలబెట్టుకోవడానికి చేసిన విన్నపం కూడా.

1901లో ఎలిస్ ఆ బడికి ప్రిన్సిపల్ అయ్యారు. తర్వాత విశ్వవిద్యాలయం దాన్ని ఇంకో బడితో కలిపింది. అటు నుంచి వచ్చిన టీచర్లకు ప్రొఫెసర్ గారి భార్య తమమీద అధికారిగా ఉండటం నచ్చలేదు. అధ్యక్షుడు విలియం హార్పర్ ఆమె పదవి తాత్కాలికమే అన్నారు. డ్యూయీ దంపతులు అలా అనుకోలేదు. 1904లో ఎలిస్‌కు పదవి పోయింది, ఇద్దరూ రాజీనామా చేశారు. ఎనిమిదేళ్లు పెంచిన బడి నుంచి, చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండా బయటికొచ్చారు. ఆయనకు అప్పుడు 44 ఏళ్లు.

అదే ఏడాది కుటుంబం యూరప్ వెళ్లింది. ఐర్లండ్‌లో ఎనిమిదేళ్ల కొడుకు గోర్డన్ టైఫాయిడ్‌తో చనిపోయాడు. బడి పుట్టిన ఏడాదే పుట్టిన పిల్లవాడు, బడి పోయిన ఏడాదే పోయాడు. ఎలిస్ ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదంటారు. ఆ ప్రయాణంలోనే ఇటలీలో సబీనో అనే అబ్బాయిని దత్తత తీసుకుని తమతో తెచ్చుకున్నారు.

డ్యూయీ మళ్లీ సొంతంగా బడి పెట్టలేదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, 1930లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. 1916లో డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్ రాశారు. షికాగో పిల్లల మడి, కొలిమి, పత్తి నేర్పిన పాఠాలు అందులో సిద్ధాంతంగా మారాయి. చైనా, జపాన్, టర్కీ, మెక్సికో, రష్యా తిరిగి బళ్లు చూశారు. 1952 జూన్ 1న 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన వదిలేసిన బడి మాత్రం షికాగోలో ఇప్పటికీ నడుస్తోంది. ఒబామా కూతుళ్లు వైట్‌హౌస్‌కు వెళ్లకముందు చదివింది అక్కడే.

అంబేడ్కర్ క్లాసు

కొలంబియాలో డ్యూయీ పాఠాలు విన్నవాళ్లలో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఒక భారతీయ విద్యార్థి ఉన్నాడు. భీంరావు అంబేడ్కర్. 1913 నుంచి 1916 దాకా అక్కడ చదివింది ప్రధానంగా ఎకనామిక్స్. తర్వాత లండన్‌లో రూపాయి సమస్య మీద పరిశోధన చేసింది ఆయనే.

శ్రమ విభజన అనే మాటను గోధుమ మడి దగ్గర చూశాం కదా. ఎవరికి వచ్చిన పని వాళ్లు చేసి మార్చుకోవడం. కులం శ్రమను విభజించే ఏర్పాటేనని సమర్థించేవాళ్లకు అంబేడ్కర్ గట్టి జవాబిచ్చారు. అది శ్రమను కాదు, శ్రామికుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టిందని. మనిషి తనకు నచ్చిన, తగిన పని ఎంచుకునే వీలు లేనిచోట ఆర్థికంగా కూడా దేశం నష్టపోతుందని వాదించారు. ఆ వాదన రాసిన పుస్తకంలో డ్యూయీని తన గురువుగా తలచుకున్నారు. 1952లో కొలంబియా గౌరవ డాక్టరేట్ ఇవ్వడానికి పిలిస్తే, వెళ్లి గురువును చూడొచ్చని ఆశపడ్డారు. దారిలో ఉండగానే డ్యూయీ మరణవార్త తెలిసింది. తన ఆలోచనా జీవితమంతా ఆయనకు రుణపడి ఉందని ఇంటికి ఉత్తరం రాశారు.

ఇక మీ వంతు

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా మన బళ్లలో ఎకనామిక్స్ అని ప్రత్యేకంగా సబ్జెక్టు లేదు. పరిసరాల విజ్ఞానంలోనే వృత్తులు, సంతలు, పంటలు వస్తాయి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకోవాలంటోంది. చోటు ఉంది, దాన్ని వాడుకోవడమే తెలియాలి.

కొన్ని బళ్లలో పిల్లలతో కూరగాయల సంత పెట్టిస్తారు. మంచిదే. ఫొటో దిగి, తూకం వేసి, చిల్లర ఇచ్చి ఇంటికెళ్లిపోతారు. లెక్కలు వచ్చాయి, ఎకనామిక్స్ మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. మీరు టీచరైతే ఆ సంతను ఇంకో అరగంట నడపండి. బెల్లు కొట్టే వేళకు మిగిలిపోయిన టమాటాల్ని ఏం చేయాలో పిల్లల్నే తేల్చుకోమనండి. ఒకడు సగం ధరకు ఇచ్చేస్తానంటాడు. ఇంకొకతె రేపు అమ్ముతానంటుంది. రేపటికి మెత్తబడతాయని మూడోవాడు గుర్తుచేస్తాడు. పొద్దున ఇరవై రూపాయలు పలికిన టమాటా సాయంత్రానికి పది ఎందుకైందో వాళ్లే మాట్లాడుకుంటారు. మదనపల్లె మార్కెట్లో లారీ దించిన రైతు ఎందుకు బేరం ఆడలేడో ఆ రోజే అర్థమవుతుంది. ఉల్లిపాయలు తెచ్చినవాడు మాత్రం నిదానంగా ఉంటాడు. ఎందుకో కూడా అడగండి.

అప్పటిదాకా సప్లై, డిమాండ్ అనే మాటలు బోర్డు మీద రాయొద్దు. నలభై మంది ఉన్న క్లాసులో ఇది కష్టమే. ఒక్కో గంపకు ఐదుగురు చొప్పున కూర్చోబెడితే ఎనిమిది గంపలు, ఒక వరండా చాలు. పిల్లలు తప్పు ధర పెడతారు, నష్టపోతారు, పోట్లాడుకుంటారు. అడ్డుపడకండి. ఆ పోట్లాట అయ్యాక ఎవరో ఒకరు మిమ్మల్ని ఎందుకలా అయిందని అడుగుతారు. చాక్‌పీస్ తీసుకోవాల్సింది అప్పుడు.